ఆగిపోగలిగే ఖర్చు

కొత్త సరదా ఏదైనా దాని ఖర్చు రెండు రకాలుగా ఉంటుంది. నచ్చకపోతే మర్నాడే మానేయగలిగేది ఒకటి. నచ్చకపోయినా అల్మరాలో కూర్చుని ఏళ్ల తరబడి మన మొహం చూస్తూ ఉండేది రెండోది. ఫ్లై ఫిషింగ్ మీద మనసు పడినప్పుడు నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. మొదటి రకం ఖర్చులన్నీ అయ్యాకే రెండో రకం జోలికి వెళ్లాలి.

మేముండేది సియాటిల్ పక్కన బెల్వ్యూలో. ఐ-90 ఎక్కి స్నోక్వాల్మీ కనుమ దాటితే రెండు గంటల్లో ఎలెన్స్‌బర్గ్ వస్తుంది. ఆ ఊరు దాటాక యాకిమా నది బోడికొండల మధ్య మెలికలు తిరుగుతూ దక్షిణానికి పారుతుంది. రెయిన్‌బో ట్రౌట్‌కి పేరున్న నది. మా ఆఫీసులో సీనియర్ ఒకాయనకు వారాంతం అక్కడే గడుస్తుంది. మార్చిలో ఒకరోజు లంచ్ దగ్గర ఫోన్‌లో ఫొటోలు చూపించి, "తమ్ముడూ, స్క్వాలా పురుగులు లేస్తున్నాయి, వచ్చే శనివారం వచ్చెయ్" అన్నాడు.

ఆ రాత్రే కూర్చుని లిస్టు రాశాను. రాడ్, రీల్, లైన్ కలిసిన కొత్త కిట్ 350 డాలర్లు. నీళ్లలో దిగడానికి వేడర్లు 300, వాటి మీద వేసుకునే బూట్లు 150. జేబులున్న వెస్ట్ 100, వల 60, పోలరైజ్డ్ కళ్లజోడు 100, చేపల్ని మోసగించే నకిలీ పురుగులు, అంటే ఫ్లైలు, వాటి పెట్టె 80. మొత్తం 1,140 డాలర్లు. అమెరికా వచ్చి ఎన్నేళ్లయినా మనసులో రూపాయల్లోకి మార్చుకునే అలవాటు పోదు కదా, లక్ష దగ్గర తేలింది. ఇదీ మామూలు రకం సరుకుతో వేసిన లెక్కే. మా రాష్ట్రంలోనే బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో తయారయ్యే సేజ్ వారి పైరకం రాడ్ అయితే ఒక్కదాని ధరే వెయ్యి డాలర్లు దాటుతుంది. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్టు, ఈ లిస్టులో చేపను పట్టే సరంజామా సగం కూడా లేదు. మిగతాదంతా పక్కవాయిద్యాలే.

నాన్నకి ఫోన్‌లో చెప్తే అడిగిన మొదటి ప్రశ్న, "ఏరా, పట్టిన చేప ఇంటికి తెస్తావా?"

"లేదు నాన్నా. ఆ నదిలో ట్రౌట్‌ని పడితే మళ్లీ నీళ్లలోకి వదిలెయ్యాలి. అక్కడి రూలు."

"వదిలెయ్యడానికి లక్ష రూపాయలా?"

నవ్వొచ్చింది కానీ, అందులో అసలు లెక్క ఉంది. ఈ ఖర్చుకి చేప రూపంలో కూడా తిరిగొచ్చేది లేదు. అంటే ఇది పెట్టుబడీ కాదు, ఇంటి ఖర్చూ కాదు, అచ్చమైన సరదా. సరదాకి క్రెడిట్ కార్డు వాడకూడదని మా ఇంట్లో ముందునుంచీ ఉన్న కట్టుబాటు. ఆన్‌లైన్ షాపు మాత్రం వడ్డీ లేకుండా నాలుగు వాయిదాల్లో కట్టమని ఊరిస్తూనే ఉంది. వాయిదాలతో ధర తగ్గదు, మన తటపటాయింపు తగ్గుతుంది. అందుకని పొదుపు ఖాతాలో దీనికో విడి పద్దు తెరిచి, నెలకు 75 డాలర్లు వేయడం మొదలుపెట్టాను. మార్చి నుంచి సెప్టెంబరు దాకా వేస్తే 525. ఆ గీత దాటకుండా మొదటి ట్రిప్ ముగించాలి.

సెప్టెంబరు అనుకోవడానికి కారణం లెక్కలో ఉంది, నదిలోనూ ఉంది. వాషింగ్టన్‌లో ఏడాది ఫిషింగ్ లైసెన్సు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకానే చెల్లుతుంది. మార్చి మధ్యలో ఏడాది లైసెన్సు కొంటే చేతికి దక్కేది రెండు వారాలు. ఇక నది సంగతి. యాకిమా నీళ్లు కీచెలస్, కచీస్, క్లీ ఎలమ్ జలాశయాల చేతిలో ఉంటాయి. ఎండాకాలమంతా దిగువ పొలాలకు నీళ్లు వదులుతారు కనక, లోయలో నది ఒడ్డులు ఒరుసుకుని పారుతుంది. అప్పుడు కాలినడకన దిగడం కష్టం, పడవ కావాలి. పడవంటే గైడు. రాడ్ నుంచి వేడర్ల దాకా సామానంతా వాళ్లే ఇస్తారు కాబట్టి ఇద్దరు పంచుకుంటే అది దండగేమీ కాదు. కానీ సీనియర్‌కి గైడు అక్కర్లేదు, ఒక్కణ్ణే వెళ్తే పడవ ఖర్చంతా నా నెత్తినే పడుతుంది. సెప్టెంబరు మధ్యకు వచ్చేసరికి, ఎగువన సాల్మన్ చేపలు తక్కువ నీళ్లలో గుడ్లు పెట్టేలా ఈ వైపు విడుదల తగ్గించి, పొలాలకు కావలసింది నాచెస్ ఉపనది వైపు నుంచి ఇస్తారు. స్థానికులు దీన్ని ఫ్లిప్-ఫ్లాప్ అంటారు. నీటిమట్టం దిగుతుంది, అంచుల వెంబడి నిలబడి వేయొచ్చు. నది క్యాలెండర్ చూసుకుంటే గైడు ఖర్చు మొత్తం ఎగిరిపోయింది.

ఈలోగా మొదటి రకం ఖర్చు మొదలైంది. ఫ్లై షాపుల్లో కొత్తవాళ్లకి ఉచితంగా నేర్పే క్లాసులు తరచూ ఉంటాయి. అలాంటి ఒకదానికి వెళ్లి, నచ్చాక 75 డాలర్లిచ్చి ఒక గంట విడిగా నేర్చుకున్నాను. తిరిగి అమ్ముకోలేని డబ్బు అది. అయినా అన్నిటికంటే ముందు పెట్టవలసిందీ అదే. ఎందుకంటే ఆ గంటలో విసుగొస్తే మిగతా లిస్టంతా చించేయొచ్చు.

నాకు విసుగు రాలేదు. సీనియర్ దగ్గర పాత రాడ్ అడిగి తెచ్చుకుని అపార్ట్‌మెంట్ వెనక పచ్చికలో సాధన చేశాను. తారురోడ్డు మీదైతే లైన్ గీసుకుపోతుంది. ఫ్లై బదులు చివర ఎర్ర ఊలు ముక్క కట్టుకోవాలి. మనూళ్లో గాలం వేసేటప్పుడు తాడుకి బరువు కట్టి విసురుతాం. ఇక్కడ ఫ్లైకి బరువే ఉండదు, లైన్ బరువే దాన్ని మోసుకెళ్తుంది. 5 నంబరు లైన్‌లో మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు, అంటే తొమ్మిది గ్రాములు తూగుతాయి. వెనక్కి విసిరాక ఆ తొమ్మిది గ్రాములూ గాల్లో పూర్తిగా సాగేదాకా ఒక్క క్షణం ఆగాలి. తొందరపడి ముందుకు లాగితే ఊలు ముక్క కొరడాలా చిటుక్కుమంటుంది. అదే అసలు ఫ్లై అయితే తెగి ఎగిరిపోతుంది.

ఆ పచ్చికలోనే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసింది. పనంతా లైన్‌ది కాబట్టి లైన్ మంచిది, కొత్తది ఉండాలి. 80 డాలర్లకు తీసుకున్నాను. ట్రౌట్‌కి రీల్ చాలామటుకు లైన్ చుట్టి ఉంచే చక్రమే, దాని మీద పెద్ద మొత్తం అక్కర్లేదు. తొమ్మిదడుగుల 5 నంబరు రాడ్, రీల్ కలిపి సెకండ్ హ్యాండ్‌లో 140కి దొరికాయి. కొనేముందు ముక్కల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి వదులుందేమో తిప్పి చూశాను. కొన మీది రింగులో లైన్ ఒరిసి గాడి పడిందేమో గోటితో తడిమాను. కంపెనీల గ్యారంటీ ఎక్కువగా మొదట కొన్నవాళ్లకే వర్తిస్తుంది కనక అది లేదనుకునే బేరమాడాను. ఇవాళ అమ్మినా 110 వస్తాయి. అంటే ఆ రాడ్ నాకు నిజంగా పడింది ముప్పై డాలర్లు.

ముడులు నేర్చుకోవడానికి పైసా కాలేదు. అన్నం తిన్నాక డైనింగ్ టేబుల్ దగ్గరే కుట్టుదారంతో క్లించ్ ముడి వేసేవాణ్ణి. కొక్కెం కంట్లోంచి దూర్చి, ఐదారు మెలికలు తిప్పి, కొసను కింది కన్నంలోంచి తీసి, ఉమ్మితో తడిపి మెల్లగా బిగించాలి. నది దగ్గర ఫ్లైని కట్టే 5ఎక్స్ టిప్పెట్ (సన్నని కొసదారం) మందం అంగుళంలో వెయ్యింట ఆరు వంతులే. తడపకుండా లాగితే రాపిడి వేడికి అక్కడే బలం పోతుంది.

ఆ తర్వాత లిస్టులోంచి కొట్టివేతలు. వెస్ట్ బదులు ఇంట్లో ఉన్న చిన్న బ్యాగు. ఊతకర్రకి ట్రెక్కింగ్ పోల్. డ్రైవింగ్ కళ్లజోడు పోలరైజ్డ్‌దే. ఆ నదిలో ముళ్లు లేని ఒంటి కొక్కేలే వాడాలి, వలకి ముడులుండకూడదు. కాబట్టి చవకరకం నైలాన్ వల పనికిరాదు. రబ్బరు వల సీనియర్ దగ్గర అరువు తీసుకున్నాను. ముల్లు లేని ఫ్లైల కోసం వెతకనక్కర్లేదు, మామూలు వాటి ముల్లుని ఫోర్సెప్స్‌తో నొక్కేస్తే సరిపోతుంది. ఎల్క్ హెయిర్ కాడిస్, పారాషూట్ ఆడమ్స్, ఫెజంట్ టెయిల్ నింఫ్, మూడు రకాలూ కలిపి డజను, 36 డాలర్లు.

వేడర్లు, బూట్లు రోజుకు 40 అద్దె. కొంటే 450. పైకి చూస్తే పన్నెండోసారికి గానీ కొనడం లాభం కాదు. సగం ధరకి తిరిగి అమ్ముకోగలిగితే ఆరోసారికే సమం. ఆరుసార్లు వెళ్తానో లేదో మొదటిసారి వెళ్లకముందే ఎలా తెలుస్తుంది? అద్దెకే తీసుకున్నాను. నడుం బెల్టు మాత్రం ఉందో లేదో చూసి, బిగించి మరీ దిగాను. కాలు జారితే వేడర్లలోకి నీళ్లు నిండకుండా అడ్డుకునేది అదే. దానికి బేరాలుండవు.

సెప్టెంబరు చివర ఒక శనివారం, ఒకరోజు లైసెన్సు తీసుకుని వెళ్లాను. ఒడ్డున విల్లో పొదలు పట్టుకున్నన్ని ఫ్లైలు చేపలు పట్టుకోలేదు. సాయంత్రం కాడిస్ పురుగులు లేచే వేళ జానెడుకి కాస్త ఎక్కువున్న రెయిన్‌బో ఒకటి కాడిస్ ఫ్లైని అందుకుంది. చెయ్యి తడుపుకుని, కొక్కెం తప్పించి వదిలేశాను. ముల్లు నొక్కేసింది కాబట్టి ఒక్క తిప్పుతో వచ్చేసింది.

పద్దు ఇలా తేలింది. నేర్చుకోవడానికి 75, రాడ్, రీల్ 140, లైన్ 80, లైన్ చివర కట్టే లీడర్లు, టిప్పెట్ 30, ఫ్లైలు 36, ఫోర్సెప్స్, నిప్పర్ 20, లైసెన్సు, గ్యాస్ 55, అద్దె 40. మొత్తం 476. ఇంకా 49 మిగిలాయి. ఒక్క సామాను కూడా కంటికి ఆనేది కాదు, పక్కవాళ్ల రాడ్‌లు చూస్తే మనసు కాస్త లాగుతుంది కూడా. కానీ ఏ మెట్టు దగ్గర ఆపేసినా పోయేది ఎంతో నాకు ముందే తెలుసు. ఉచిత క్లాసు దగ్గర ఆగితే సున్నా, విడి పాఠం దగ్గర ఆగితే 75, రాడ్ కొన్నాక ఆగితే దానికి మరో ముప్పై.

నెలకు 75 వేయడం ఆపలేదు. అద్దె రసీదులు ఒక కవరులో దాస్తున్నాను. వాటి మొత్తం 225 డాలర్లకు, అంటే వేడర్లు, బూట్ల ధరలో సగానికి చేరిన రోజున సొంతవి కొంటాను. ఎన్నటికీ చేరలేదంటే కొననక్కర్లేదన్నమాట.