ఒక్క చెరువునే నమ్ముకుంటే

మల్లన్న పట్నాలు వేసినప్పుడు ఒగ్గు కథ చెప్పించడం మా ఇంటి ఆనవాయితీ. 2011లో చెప్పించినప్పుడు కొత్తగా కొన్న చేతి కెమెరాతో రాత్రంతా వీడియో తీశాను. డోలు దెబ్బకు అదిరిన మైకు, ట్యూబ్‌లైటు చుట్టూ ముసిరిన పురుగులు, ముందు వరసలో తల్లుల ఒళ్ళో నిద్రపోయిన పిల్లలు, అన్నీ అందులో పడ్డాయి. ఆరు భాగాలు చేసి ఒక వీడియో సైటులోకి ఎక్కించాను. అక్కడ భద్రంగానే ఉంటుంది కదా అనుకుని, కెమెరా కార్డు చెరిపేసి మేనకోడలి పెళ్ళికి వాడుకున్నాను.

నాలుగేళ్ళ తర్వాత ఒక పొద్దున చూస్తే నా ఖాతాయే లేదు. మూసేశామని రెండు ముక్కల మెయిలు వచ్చింది, ఎందుకో అందులో లేదు. అడిగితే జవాబు రాలేదు. కథ చెప్పిన పెద్దాయన అప్పటికే కాలం చేశారు. ఒకరోజు ఆయన మనవడు ఫోను చేశాడు. "అమ్మా, మా తాత కథ చెప్పింది మీ దగ్గర ఒక్కటన్నా ఉందా? పిల్లలకు చూపిద్దామని" అన్నాడు. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ పిల్లవాడికి నేను బాకీ పడ్డాననే అనుకుంటాను. ఈ రాత్రి మీతో చెప్పే కబుర్లు ఆ బాకీ గురించే.

మనందరం వీడియోల కోసం ఒకే చెరువు మీద ఎలా ఆధారపడ్డామో ముందు చూద్దాం. 2005 ఏప్రిల్ 23న యూట్యూబ్ స్థాపకుల్లో ఒకరైన జావెద్ కరీం, శాన్ డియాగో జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి మాట్లాడిన 19 సెకన్ల వీడియోను ఎక్కించాడు. ఆ సైటులో అదే మొదటిది. ఏడాదిన్నర తిరక్కముందే, 2006లో, గూగుల్ ఆ సంస్థను 165 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ తర్వాతి కథ మీ ఇంట్లోనూ నడిచిందే. పచ్చడి కొలతలకు, మిరపతోటకు పట్టిన పురుగుకు, పిల్లల లెక్కలకు, అన్నమయ్య కీర్తనకు మనం వెళ్ళేది అక్కడికే. ఎక్కడో పల్లెలో కూర్చుని వంట చేసి చూపించిన అవ్వలకు ఆ వేదిక పేరూ డబ్బూ తెచ్చిపెట్టింది. ఆ మేలును మరిచి మాట్లాడను.

కానీ నీళ్ళు ఎంత తియ్యగా ఉన్నా, తూము ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి కదా. మనం చూస్తున్నది నిజంగా మనం ఎంచుకున్నదేనా? జనం యూట్యూబ్‌లో గడిపే సమయంలో 70 శాతానికి పైగా సిఫారసుల వల్లేనని 2018లో ఆ సంస్థ పెద్ద అధికారే చెప్పారు. వెతుక్కుని చూసేది తక్కువ, పళ్ళెంలో పెట్టింది తినేది ఎక్కువ అన్నమాట. 2020 నవంబరులో నిబంధనలు మారాయి. ఆదాయంలో వాటా పొందే స్థాయికి చేరని చిన్న ఛానెళ్ళ మీద కూడా సంస్థ ప్రకటనలు వేసుకోవచ్చు, ఆ డబ్బులో ఛానెల్ యజమానికి వాటా ఉండదు. మీ అమ్మ పాడిన మంగళహారతికి ముందు ప్రకటన వస్తే, అది మీ అమ్మ అనుమతితో వచ్చింది కాదు.

ఇది చిన్నవాళ్ళకే వచ్చే ఇబ్బంది అనుకోకండి. బ్లెండర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. బొమ్మల సినిమాలు తీసేవాళ్ళందరికీ తెలుసు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక ఫౌండేషన్ దాన్ని తయారుచేసి ప్రపంచానికి ఉచితంగా ఇస్తోంది. తమ వీడియోల మీద ప్రకటనలు వద్దన్నది వాళ్ళ పట్టుదల. 2018 జూన్‌లో ఉన్నట్టుండి ఆ ఛానెల్ వీడియోలన్నీ ప్రపంచమంతటా ఆగిపోయాయి. ప్రకటనలకు సంబంధించిన కొత్త ఒప్పందానికి ఒప్పుకోవాలన్నదే అక్కడి పేచీ. అదే సమయంలో అమెరికాలోని ఎంఐటీ ఉచిత పాఠాల వీడియోలు కూడా ఆగాయి. కొద్దిరోజులకు అన్నీ తిరిగి వచ్చాయి, నిజమే. కానీ బ్లెండర్ వాళ్ళు ఆ కొద్దిరోజుల్లోనే ఒక నిర్ణయానికి వచ్చారు. తమ వీడియోలకు తమదైన ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంటి సంగతి కాసేపట్లో చెబుతాను.

మన దగ్గర జరిగింది కూడా గుర్తు చేసుకోండి. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. నిషేధం సబబా కాదా అన్నది వేరే చర్చ. నాకు గుర్తున్నది పొలం గట్టు మీద పాడి, ఇంటి వాకిట్లో ఆడి, లక్షలమందిని పోగేసుకున్న మన పల్లెటూరి కళాకారులు. రాత్రికి రాత్రే వాళ్ళ వేదిక పోయింది, చూసే జనమూ చెదిరిపోయారు. ఫోనులో దాచుకున్నవాళ్ళకు వీడియోలైనా మిగిలాయి. దాచుకోనివాళ్ళకు అవీ లేవు.

చెరువు మాట ఎందుకు ఎత్తానంటే, మాది జనగామ వైపు. పెద్ద నది పక్కన పారని మెట్ట నేల. అందుకే కాకతీయుల కాలంలో మా దిక్కున చెరువులను గొలుసుకట్టుగా తవ్వించారు. పై ఊరి చెరువు నిండితే అలుగు పారుతుంది, ఆ నీళ్ళు కింది ఊరి చెరువులోకి చేరతాయి. అది నిండితే ఆ కింది ఊరికి. ఏ ఊరి కట్ట ఆ ఊరిది, ఏ ఊరి తూము ఆ ఊరి చేతిలోనే ఉంటుంది. తూము ఎప్పుడు ఎత్తాలో ఆ ఊరి నీరటికాడికి తెలుసు. అయినా నీళ్ళు మాత్రం అందరివీ. రాజ్యమంతటికీ ఒకే మహా చెరువు తవ్వి, దాని తాళం ఒకరి మొలకు కట్టలేదు మన పెద్దలు.

మా చిన్నమ్మ కొడుకు పుణెలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. నా గోడు విని, "అక్కా, వీడియోలకు కూడా గొలుసుకట్టు చెరువులున్నయి. పీర్‌ట్యూబ్ అంటరు" అన్నాడు. నాకు అర్థమయ్యేదాకా ఓపిగ్గా చెప్పాడు. నేను విన్నంతలో మీకూ చెబుతాను.

ఫ్రాన్స్‌లో ఫ్రామాసాఫ్ట్ అని లాభాపేక్ష లేని సంఘం ఒకటి ఉంది. ఇంటర్నెట్టును గూగుల్ గుప్పిట్లోంచి బయటికి తేవాలని 2014లో ఒక ఉద్యమమే మొదలుపెట్టింది. ఒక ఫ్రెంచి కుర్రవాడు ఖాళీ వేళల్లో రాసుకుంటున్న వీడియో సాఫ్ట్‌వేర్‌ను చూసి, 2017లో అతన్ని ఉద్యోగంలోకి తీసుకుంది. 2018లో జనం దగ్గర చందాలు అడిగితే 53,100 యూరోలు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో పీర్‌ట్యూబ్ మొదటి పూర్తి రూపం విడుదలైంది. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు. ఒక కాలేజీ పెట్టుకోవచ్చు, గ్రంథాలయం పెట్టుకోవచ్చు, నలుగురు స్నేహితులు కలిసి పెట్టుకోవచ్చు. అది వాళ్ళ చెరువు.

మరి అలుగు పారేదెలా? దానికి యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి భాష ఉంది. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యు3సీ దాన్ని 2018 జనవరిలో ఆమోదించింది. ఆ భాష తెలిసిన సర్వర్లు ఒకదాన్నొకటి అనుసరిస్తే, అక్కడి వీడియోలు ఇక్కడ కూర్చునే వెతుక్కోవచ్చు, చూడవచ్చు, వాటి కింద వ్యాఖ్య రాయవచ్చు. అదే భాష వాడే మాస్టోడాన్ అనే సోషల్ మీడియాలో ఖాతా ఉన్నవాళ్ళు కూడా పీర్‌ట్యూబ్ ఛానెల్‌ను అనుసరించవచ్చు. ఒక సర్వరు నియమాలు నచ్చకపోతే ఇంకో దానికి మారవచ్చు. ఒకటి మూతపడినా మిగతావి నడుస్తూనే ఉంటాయి.

"చిన్న సర్వరు మీదికి ఒక్కసారే వెయ్యిమంది వస్తే కూలిపోదా?" అని అడిగాను. తమ్ముడు నాకు ఇల్లు కట్టేటప్పుడు స్లాబు పోయడం గుర్తు చేశాడు. కింద కలిపిన కాంక్రీటును ఒక్క మనిషి పైకి మోయడు. కూలీలు వరసగా నిలబడి తట్ట ఒకరి చేతి నుంచి ఒకరికి అందిస్తారు. పీర్‌ట్యూబ్‌లోనూ అంతే. ఒకే వీడియోను ఒకే సమయంలో చూసేవాళ్ళు తమకు చేరిన ముక్కలను పక్కవాళ్ళకూ అందిస్తుంటారు, సర్వరు మీద బరువు తగ్గుతుంది. దీనికొక ఖరీదూ ఉంది. అలా అందించుకునేటప్పుడు మన ఐపీ చిరునామా ఆ పక్కవాళ్ళకు కనిపిస్తుంది, మన డేటా కొంత ఖర్చవుతుంది. అక్కర్లేదనుకుంటే సెట్టింగుల్లో ఆపుకోవచ్చు.

బ్లెండర్ వాళ్ళు కట్టుకున్న ఇల్లు ఈ పీర్‌ట్యూబే. ఫ్రాన్సు విద్యాశాఖ కూడా ఉపాధ్యాయుల వీడియోల కోసం దీన్నే వాడుతోంది. 2020లో వచ్చిన సెపియా సెర్చ్ అనే సైటులో అనేక పీర్‌ట్యూబ్ సర్వర్లను ఒకేసారి వెతకవచ్చు. 2024 డిసెంబరులో ఫోను యాప్ కూడా వచ్చింది.

ఇక కష్టాల మాట. నచ్చిన విషయం కదా అని వాటిని దాచిపెట్టి చెబితే మీకు అన్యాయం చేసినట్టే. అక్కడ తెలుగులో వెతికితే దొరికేది తక్కువ. ప్రకటనలు ఉండవు కాబట్టి ప్రకటనల ఆదాయమూ ఉండదు. వీడియోల మీద బతుకుతున్న కుటుంబాన్ని రేపే అక్కడికి మారమని నేను చెప్పలేను. సర్వరుకు నెలనెలా అద్దె కట్టాలి, చూసుకునే మనిషి ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లోనే చూడండి. అక్కడి డేటా రక్షణ అధికార సంస్థ 2022 ఏప్రిల్‌లో ఈయూ వీడియో పేరుతో పీర్‌ట్యూబ్ సర్వరు పెట్టింది. దాన్ని ముందుకు నడిపే బాధ్యత తీసుకునేవాళ్ళు లేక 2024 మేలో మూసేశారు. చెరువు తవ్వగానే పని అయిపోదు, ఏటేటా పూడిక తీసే చేతులు కావాలి.

వికేంద్రీకరణ అన్న పేరు పెట్టుకున్నదల్లా నిలుస్తుందనీ అనుకోకండి. బ్లాక్‌చెయిన్ మీద వీడియోలు పెడతామని వచ్చిన ఎల్‌బీఆర్‌వై సంస్థ, తన టోకెన్ల అమ్మకం విషయంలో అమెరికా షేర్ల నియంత్రణ సంస్థ వేసిన కేసులో 2022లో ఓడిపోయి, ఆ తర్వాతి ఏడాది మూతబడింది. డబ్బు సంపాదించే ఆశ చూపి పిలిచే వేదిక కన్నా, నెమ్మదిగా చందాల మీద నడిచేదే నాకు నమ్మకంగా కనిపిస్తుంది.

ఇన్ని చెప్పాక మనబోటివాళ్ళం చేయగలిగింది ఏమిటి? నేను చేస్తున్నవే చెబుతాను.

మొదటిది, అసలు కాపీ నా ఇంట్లో ఉంటుంది. మామూలు హెచ్‌డీ నాణ్యతలో గంట వీడియో రెండు, రెండున్నర జీబీ అవుతుంది. ఒక టీబీ హార్డ్ డిస్కులో నాలుగు వందల గంటలు పడతాయి. అంటే ఒక ఊరి పండుగలూ పెళ్ళిళ్ళూ కథలూ కొన్నేళ్ళపాటు అందులో దాచుకోవచ్చు. డిస్కులు రెండు కొని, రెండోదాన్ని వేరే ఊళ్ళో తమ్ముడి ఇంట్లో పెట్టాను. ఒకే బీరువాలో రెండూ పెడితే రెండు కాపీలున్నట్టు కాదు.

రెండోది, ఊరందరికీ చెందినవి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెడుతున్నాను. బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన లాభాపేక్ష లేని డిజిటల్ గ్రంథాలయం అది. మన పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ దొరికేది అక్కడే. వీడియో పెడితే దాన్ని పంచుకోవడానికి టొరెంటు కూడా తనే తయారుచేసి ఇస్తుంది. అయితే 2024 అక్టోబరులో దాని మీద సైబర్ దాడి జరిగి కొన్నిరోజులు పనిచేయలేదు. అందుకే మొదటి మాట మళ్ళీ చెబుతున్నాను, ఇంట్లో కాపీ ఉండాలి. స్వేచ్ఛా లైసెన్సుతో ఇవ్వడానికి ఇష్టపడితే వికీమీడియా కామన్స్‌లో పెట్టండి. 2003 నుంచి నడుస్తున్న మన తెలుగు వికీపీడియా వ్యాసాల్లో ఆ వీడియోలు చేర్చుకోవచ్చు.

మూడోది, చూసే పద్ధతి మార్చుకున్నాను. తనంతట తాను ఇంకో వీడియో మొదలయ్యే ఏర్పాటును ఆపేశాను. ఆరెస్సెస్ ఫీడ్ అని పాతికేళ్ళ నాటి పద్ధతి ఒకటుంది. నాకు కావలసిన పది ఛానెళ్ళను ఒక ఫీడ్ రీడర్‌లో చేర్చుకుంటే, కొత్త వీడియో వచ్చినప్పుడు అక్కడే తెలుస్తుంది. యూట్యూబ్ ఛానెళ్ళకూ పీర్‌ట్యూబ్ ఛానెళ్ళకూ ఈ ఫీడ్ ఉంటుంది, ఖాతా అక్కర్లేదు. ఇప్పుడు నేను చూడాలనుకున్నది చూసి లేస్తున్నాను.

నాలుగోది, నలుగురం కలిసి చేసేది. ఒక్క ఇంటికి సర్వరు బరువే. ఒక పాఠశాల పూర్వ విద్యార్థులు, ఒక గ్రంథాలయం, అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మన ఊరివాళ్ళ సంఘం కలిస్తే బరువు కాదు. యూట్యూబ్‌లో ఇప్పటికే ఉన్న సొంత ఛానెల్ వీడియోలను పీర్‌ట్యూబ్‌లోకి తెచ్చుకునే సౌకర్యం కూడా ఉంది. పాతది మూసేయనక్కర్లేదు. జనం అక్కడే ఉన్నారు కాబట్టి అక్కడా పెట్టండి, కానీ అక్కడ మాత్రమే పెట్టకండి. మా తమ్ముడూ నేనూ, ఊరివాళ్ళు మరో ఐదుగురూ కలిసి చందా వేసుకోవడం మొదలుపెట్టాం. మొదట ఎక్కించబోయేది, పోయినేడు పట్నాలప్పుడు ఆ పెద్దాయన మనవడు చెప్పిన కథ. తాతది పోయింది, మనవడిది పోనివ్వం.

పొద్దుపోయింది, మిమ్మల్ని ఇంకా కూర్చోబెట్టను. ఒక్క పని మాత్రం చేయండి. ఈ ఆదివారం మీ ఇంటి పెద్దవాళ్ళ మాటో పాటో ఉన్న మూడు వీడియోలు వెతకండి. ఎవరు, ఏ ఊరు, ఏ రోజు అన్నది ఫైలు పేరులోనే రాయండి. రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఆ తర్వాతే ఎక్కడ ఎక్కించాలో ఆలోచించండి.