స్తంభం దగ్గర ఆగిన డిస్కు

ఆళ్లగడ్డలోని ఆ ఇంట్లో నరసింహ జయంతి అంటే ఒక పద్ధతి. పొద్దున పానకం, వడపప్పు నైవేద్యం. సాయంత్రం టీవీలో 'భక్త ప్రహ్లాద' డీవీడీ. 1967లో ఏవీఎం వాళ్లు తీసిన రంగుల సినిమా. హిరణ్యకశిపుడిగా ఎస్వీ రంగారావు, లీలావతిగా అంజలీదేవి, ప్రహ్లాదుడిగా చిన్నారి రోజారమణి.

ఆ సినిమా ఇంటి పెద్దావిడ కోసం. ఆమెకు ఎనభై నాలుగేళ్లు. మోకాళ్లు సహకరించినన్నాళ్లూ ఆ రోజు అహోబిలంలోనే ఉండేవారు. దిగువ అహోబిలంలో దర్శనం చేసుకుని, ఎనిమిది కిలోమీటర్లు ఎగువకు వెళ్లి, నరసింహుడు వెలువడిన చోటని చెప్పే ఉగ్రస్తంభం కేసి చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు కొండ మాట ఎత్తే పరిస్థితి లేదు. కనుమ నాడు పార్వేటకు బయల్దేరే స్వామి నలభై రోజులు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాడు కాబట్టి, ఏడాదికోసారి ఆమె పుట్టిన ఊళ్లో ఆయనే ఎదురొస్తాడు. మిగతా దర్శనమంతా టీవీలోనే!

ఈసారి రెండు కొత్త విషయాలు జరిగాయి. నంద్యాలలో ఆమెకు శుక్లాల ఆపరేషన్ అయింది. డాలస్ నుంచి సంక్రాంతికి వచ్చిన మనవడు యాభై అంగుళాల టీవీ కొని గోడకు బిగించి వెళ్లాడు. కొత్త కళ్లు, కొత్త తెర... అవ్వ ఎంతో ఆశగా కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నారు.

సినిమా మొదలైన అయిదు నిమిషాలకే పెదవి విరిచారు.

''ఏం నాయనా, బొమ్మ ఇంత మసగ్గా ఉంది? నా కంట్లో పొర తీసి దీంట్లో ఏసినారా ఏమి?''

అందరూ నవ్వారుగానీ ఆమె అన్నది నిజమే. రంగారావు కిరీటం మీది రాళ్లన్నీ కలిసిపోయి పచ్చటి ముద్దలా ఉన్నాయి. దానికి తోడు అసలైన ఘట్టంలో, హిరణ్యకశిపుడు స్తంభం మీదికి గద ఎత్తగానే, తెర మీద గళ్లు గళ్లుగా వచ్చి డిస్కు ఆగిపోయింది. ఎన్నిసార్లు పెట్టినా అక్కడే. ఆ సాయంత్రం ఆ ఇంట్లో నరసింహుడు రాలేదు.

''ఇంకా డీవీడీలేంటి నాన్నా! అన్నీ తీసేసి బ్లూ-రేలు కొనండి. ప్లేయరు నేను పంపిస్తా'' అన్నాడు మనవడు ఫోన్లో, తండ్రితో.

ఆ తండ్రి రిటైరైన సైన్సు మాస్టారు. బీరువాలో అరవై ఒక్క డిస్కులున్నాయి, అన్నీ పాత సినిమాలే. ఒక్క 'మాయాబజార్'నే ఆయన మూడుసార్లు కొన్నారు. మొదట వీడియో క్యాసెట్, తర్వాత మధ్యలో లేచి మార్చాల్సి వచ్చే వీసీడీలు, ఆ తర్వాత డీవీడీ. 2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు ఇస్తుంటే ఆయన సంచి పట్టుకుని వెళ్లి మరీ కొన్నారు. ఆ సంస్థ 2018లో దివాలా తీసి మూతపడింది. డిస్కులు మాత్రం బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఇప్పుడు నాలుగోసారి కొనాలా?

మాస్టారు పాఠం చెప్పే అలవాటు కొద్దీ కాగితం తీసుకుని లెక్క వేశారు. వీసీడీ బొమ్మలో 352 నిలువు వరసలు, 288 అడ్డ వరసలు. అంటే సుమారు లక్ష చుక్కలు. డీవీడీలో 720, 576... నాలుగు లక్షల పైచిలుకు. బ్లూ-రేలో 1920, 1080... ఇరవై లక్షలు దాటాయి. డిస్కు సైజు మూడింటికీ ఒకటే, పన్నెండు సెంటీమీటర్లు. డీవీడీని చదివేది ఎర్ర లేజరు. బ్లూ-రేని చదివేది నీలి ఊదా లేజరు. దాని తరంగదైర్ఘ్యం తక్కువ కాబట్టి ఇంకా సన్నటి గుర్తుల్నీ చదవగలదు. అందుకే ఒక పొరలో డీవీడీ 4.7 గిగాబైట్లు దాచుకుంటే, బ్లూ-రే 25 గిగాబైట్లు దాచుకుంటుంది.

అవ్వ ఫిర్యాదుకు కారణం కూడా ఆ కాగితం మీదే తేలింది. ఇరవై ఒక్క అంగుళాల పాత టీవీలో ఆ నాలుగు లక్షల చుక్కలు ఒద్దికగా సరిపోయేవి. యాభై అంగుళాల టీవీ తన ఇరవై లక్షల చుక్కల్నీ నింపాలి కాబట్టి, లేనివాటిని పక్కవాటిని చూసి ఊహించి వేస్తుంది. చిన్న దుప్పటిని పెద్ద మంచానికి లాగి పరిచినట్టన్నమాట!

అలాగైతే బ్లూ-రే కొనడమే న్యాయం కదా? మాస్టారు దాదాపు సిద్ధపడ్డారు. అడ్డుపడింది పక్కింటి శిల్పి. ఆళ్లగడ్డ అంటేనే శిల్పాలు. ఇక్కడ చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో వెళ్తాయి. ఆయన అంతా విని ఒకటే అడిగారు.

''సార్, ఆ కొత్త డిస్కు దేన్ని చూసి చేస్తారు? చెక్కేటప్పుడు రాని ముక్కు పాలిష్ పడితే రాదు కదా!''

మాస్టారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిజమే, బ్లూ-రే పెద్ద గిన్నె మాత్రమే. అందులో పోసే పాలు ఎక్కడివి? ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల ఫిలిం నెగటివ్‌లో బ్లూ-రే చూపించగలిగిన దానికన్నా ఎక్కువ వివరమే ఉంటుంది. దాన్ని శుభ్రం చేసి, ఫ్రేము ఫ్రేముగా కొత్తగా స్కాన్ చేస్తే పాత సినిమా కడిగిన ముత్యంలా వస్తుంది. ఊళ్లూళ్లూ తిరిగి గీతలు పడిన ప్రింటు నుంచో, పాత వీడియో టేపు నుంచో ఎక్కించి పైన బ్లూ-రే అని అట్ట వేస్తే ఆ మసకే వస్తుంది. ధర మాత్రం స్పష్టంగా ఉంటుంది.

బాగుచేయడమంటే ఏమిటో చెప్పడానికి సత్యజిత్ రే 'అపు' చిత్రాలే ఉదాహరణ. 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో వాటి నెగటివ్‌లు కాలిపోయాయి. మిగిలిన ముక్కల్ని ఇటలీలోని బొలోన్యా నగరంలో నిపుణులు చేత్తో అతికి, పనికిరాని చోట్ల ఇతర ప్రతులు వాడి, 2015లో మళ్లీ తెర మీదికి తెచ్చారు. అలాంటి బ్లూ-రేకి ఎంత పెట్టినా తప్పులేదు.

కొత్తదంతా పూర్తిదని కూడా అనుకోలేం. 1957 నాటి 'మాయాబజార్' 2010 జనవరిలో రంగుల్లో విడుదలైనప్పుడు జనం బారులు తీరారు. కానీ ఆ రంగుల ప్రతిలో నిడివి తగ్గింది, కొన్ని పాటలు, పద్యాలు లేవు. మొత్తం సినిమా కావాలంటే మాస్టారి బీరువాలోని నలుపు తెలుపు డీవీడీయే దిక్కు. దాన్ని పారేస్తే?

ఇంకో చిక్కూ ఉంది. బ్లూ-రేలకు ప్రాంతాల వారీగా తాళాలుంటాయి. అమెరికాది ఏ, మనది సీ. మనవడు ముచ్చటపడి అక్కడి నుంచి పంపిన ప్లేయరు ఇక్కడి డిస్కునీ, అక్కడి డిస్కు ఇక్కడి ప్లేయరులోనూ ఆడకపోవచ్చు. పైగా ఒప్పో 2018లోనే బ్లూ-రే ప్లేయర్లకు స్వస్తి చెప్పింది. ఆన్‌లైన్లో చూసుకుంటే పోలేదా అంటే, అక్కడ ఈరోజు ఉన్న సినిమా రేపు ఉంటుందన్న హామీ లేదు.

మాస్టారిని అన్నిటికన్నా కలవరపెట్టింది మరొకటి. తెలుగువాళ్ల తొలి టాకీ కూడా 'భక్త ప్రహ్లాద'యే. హెచ్.ఎం.రెడ్డి తీశారు. 1932లో విడుదలైంది. దాన్ని ఈరోజు ఏ డిస్కులోనూ చూడలేం. దాని ప్రతి మిగల్లేదు. కంబంలోంచి వచ్చినవాడి కథతో మొదలైన మన మాటల సినిమాకి మొదటి కంబమే లేదు! ఏ డిస్కు కొనాలన్న ప్రశ్నకన్నా ముందు, ఉన్న నెగటివ్‌ని ఎవరు కాపాడుతున్నారన్నది అడగాలి కదా అనిపించిందాయనకు.

వారం తర్వాత ఆయన బీరువాలోని డిస్కుల్ని మూడు కుప్పలు పోశారు. నెగటివ్ నుంచి బాగుచేసినట్టు అట్ట మీద స్పష్టంగా రాసి ఉంటేనే బ్లూ-రే కొనాల్సినవి ఒక కుప్ప. అందులో అయిదే మిగిలాయి. ఎప్పటికీ తీయకూడని డీవీడీలు రెండోది. అందులో యాభై. మూడోది, మళ్లీ చూడాలని ఎవరికీ లేనివి. ప్లేయరు వద్దని మనవడికి చెప్పేశారు.

మరి అవ్వ సంగతి? వాళ్ల 'ప్రహ్లాద' ఎప్పుడో ఎవరో బాగుచేసి, అది డిస్కుగా వచ్చేదాకా ఆగడానికి ఎనభై నాలుగేళ్ల మనిషి దగ్గర ఎన్ని జయంతులున్నాయి? మాస్టారికి ఆ లెక్క వేయాలనిపించలేదు. అటక మీదున్న పాత డబ్బా టీవీని దించి, దుమ్ము దులిపి, ఆమె గదిలో పెట్టారు. పాత ప్లేయరు నుంచి పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు తగిలించారు. ఆగిపోయే డిస్కుని వెలుతురుకి పెట్టి చూస్తే గీత కాదు... గట్టిపడిన పానకం మరక! నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు దాకా నిలువుగా తుడిచారు. డిస్కుని గుండ్రంగా రుద్దకూడదు.

''ఇప్పుడు తేటగా ఉంది. పుణ్యాత్ముని ముఖం కనపడతాంది'' అన్నారు అవ్వ.

గద లేచింది. ఆయనకు ఐదేళ్లప్పుడు, టూరింగ్ టాకీసులో ఇదే చోట భయపడి, అమ్మ కొంగులో ముఖం దాచుకున్నారు. ఈసారి పక్కనే కూర్చుని కళ్లార్పకుండా చూశారు. డిస్కు ఆగలేదు. స్తంభం పగిలింది.