వెలుగు చూపిన చోటు

నా చిన్నతనంలో మేము మద్రాసులోని మైలాపూరులో ఉండేవాళ్లం. మా ఇంటికి దగ్గరలోనే లజ్ చర్చి ఉంది. పోర్చుగీసువారు కట్టించిన ఆ చర్చిలోని శాసనం మీద 1516 అని కనిపిస్తుంది. ఒకప్పుడు చుట్టూ అడవి ఉండేది కనుక తమిళులు దానిని 'కాట్టుకోయిల్' అంటారు.

ఒకనాడు నా మిత్రుడు ఆ చర్చి కథ చెప్పాడు. సముద్రంలో దారితప్పిన నావికులు మేరీమాతను ప్రార్థించారట. అంతలో తీరాన ఒక వెలుగు కనిపించిందట. వారు ఒడ్డుకు చేరి దాని వెంట నడిచారట. అది మాయమైన చోటనే చర్చి కట్టారట. పోర్చుగీసు భాషలో 'లజ్' అంటే వెలుగు.

నేను పకపక నవ్వాను. "మరి మీ అమ్మమ్మ చెప్పే బండి కథో?" అన్నాడు వాడు. అమ్మవారి విగ్రహాన్ని తెస్తున్న బండి ఒకచోట ఆగిపోయి, ఎన్ని ఎడ్లు కట్టినా కదలలేదనీ, అక్కడే గుడి కట్టారనీ అమ్మమ్మ చెప్పేది. ఆ కథకు నేనెన్నడూ నవ్వలేదు. నాకు మాట రాలేదు.

పెద్దయ్యాక ఇంగ్లండులోని గాడ్స్‌హిల్ గ్రామం గురించి చదివాను. అక్కడ చర్చికోసం కింద పేర్చిన రాళ్లు రాత్రికి రాత్రే కొండమీదికి చేరేవట!

దైవమే చూపిన చోటని నమ్మినప్పుడు మనుషులు దానిని తరతరాలు కాపాడుకొంటారు. పొరుగువారి కథ వినేటప్పుడు మన అమ్మమ్మ కథను గుర్తుచేసుకోవాలి. నాడు నవ్వినందుకు నా మిత్రునికి క్షమాపణ చెప్పుకోలేకపోయాను. ఈనాడు మీ ఎదుట చెప్పుకొంటున్నాను.