అంగారకుని రాయి రాలిన ఊరు - షేర్‌ఘాటీ

తెలుగునాటి నుండి గయకు వెళ్ళే యాత్రికుల క్రమం తరతరాలుగా ఒకటే. ఫల్గు నదీ తీరాన పిండప్రదానం, విష్ణుపాద దర్శనం, పిమ్మట బుద్ధగయలో బోధివృక్షం. మేమూ ఆ క్రమాన్నే పాటించాము. అయితే ఒక పూట మిగుల్చుకొని, గయకు సుమారు 35 కి.మీ. దూరాన ఉన్న షేర్‌ఘాటీని కూడ చూసి వచ్చాము. మమ్మల్ని అక్కడికి రప్పించినది ఒక రాయి. ఆ రాయి ఇప్పుడు అక్కడ లేదన్న సంగతి తెలిసే వెళ్ళాము.

బుద్ధగయ నుండి దక్షిణంగా డోభీ చేరి, గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద పడమరకు తిరిగితే మోర్‌హర్ నది ఒడ్డున ఈ పట్టణం వస్తుంది. లారీల రద్దీ, కిక్కిరిసిన బజారు, ఊరు దాటగానే పొలాలు. 1865 ఆగస్టు 25వ తేదీ ఉదయం 9 గంటల వేళ ఈ ప్రాంతాన ఆకాశంలో పెనుశబ్దం వినవచ్చి, సుమారు 5 కిలోల రాయి నేలరాలింది. నాటి డిప్యూటీ మేజిస్ట్రేటు దానిని భద్రపరచి, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి పంపించాడు.

1872లో వియన్నాకు చెందిన చెర్మాక్ అనే శాస్త్రజ్ఞుడు ఈ రాతిని పరిశీలించి, గాజును పోలిన ఒక కొత్త పదార్థాన్ని అందులో గుర్తించాడు. దానికి మాస్కెలినైట్ అని పేరు పెట్టాడు. తీవ్రమైన అఘాతానికి స్ఫటికం తన అమరికను కోల్పోయినప్పుడు అది ఏర్పడుతుంది. కాని ఆ అఘాతం ఎక్కడ జరిగిందో శతాబ్దం దాటినా తేలలేదు. 1979-80లో అంటార్కిటికా మంచులో ఇదే జాతి రాయి ఒకటి దొరికింది. దానిలో చిక్కుకొని ఉన్న వాయువులు, 1976లో వైకింగ్ నౌకలు అంగారకునిపై కొలిచిన వాయువులతో సరిపోయాయని 1983లో వెల్లడైంది. ఏదో పెద్ద ఉల్క తాకిడికి అంగారకుని నేల చెదరి, ఆ శిలలు అంతరిక్షంలోకి ఎగసి, లక్షల ఏళ్ళు తిరిగి తిరిగి భూమిని చేరాయన్నమాట! ఆ జాతి రాళ్ళన్నింటినీ లోకం నేడు ‘షెర్గొట్టైట్లు’ అంటుంది. బీహారులోని ఒక చిన్న ఊరి పేరు గ్రహాంతర శిలలకు ఇంటిపేరైంది.

ఇంతటి అరుదైన వస్తువుకు వెల కట్టేవారు లేకపోరు. ప్రపంచంలో ఇంతవరకు గుర్తించిన అంగారక శిలలు సుమారు 400 మాత్రమే. 2023లో నైజర్ దేశపు అగడెజ్ ఎడారిలో దొరికిన 24 కిలోలకు పైబడిన శిల, 2025 జులైలో న్యూయార్కు వేలంలో రుసుములతో కలిపి 53 లక్షల డాలర్లు పలికింది. అది తమ దేశపు ఎల్లలు దాటిన తీరుపై నైజర్ ప్రభుత్వం విచారణ ప్రకటించింది. సేకర్తల అభిరుచిని మేము తప్పు పట్టము. ఎడారులలో వారి కోసం వెదికేవారు లేకుంటే ఎన్నో శిలలు ఇసుకలోనే ఉండిపోయేవి. అయినా కొన్నవారి బీరువాలో చేరిన రాయి, మరొక చెర్మాక్ చేతికి అందుతుందన్న భరోసా ఏది?

షేర్‌ఘాటీ శిలలో ప్రధాన భాగం కలకత్తాలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ సంరక్షణలో ఉన్నది. శకలాలు కొన్ని విదేశీ ప్రదర్శనశాలలకు చేరి పరిశోధనకు తోడ్పడ్డాయి. ఆ రాయి జన్మస్థానం తెలియడానికి 118 సంవత్సరాలు పట్టింది. అన్నేళ్ళూ దాని విలువ ఎవరికీ తెలియకపోయినా, చీటీ కట్టి, పద్దు రాసి, పదిలపరచిన ఉద్యోగుల పేర్లు చరిత్రకెక్కలేదు. ప్రజల సొత్తుకు కాపలా ఉండే కొలువులో ఉన్న మనకు ఇది సంతోషం కలిగించే విషయమే కదా!

గయాయాత్ర తలపెట్టే మన సహోద్యోగులు ఆ ఊరికి కూడ ఒక పూట కేటాయించవలసినదిగా మా మనవి.