వినిపిస్తోందా?

మా ఆఫీసుల వైపు మీటింగ్ గదులకు నదుల పేర్లు పెట్టే అలవాటుంది. పొద్దున్నే కారిడార్‌లో మాటలు విన్న కొత్తవాళ్ళు నీటిపారుదల శాఖకు వచ్చామా అనుకుంటారు. "గోదావరి నిండిపోయింది." "కృష్ణలో ఏమీ రావట్లేదు." "మంజీర ఖాళీయేనట, పదండి." మంజీర ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. అక్కడి టీవీ రిమోటు తుంగభద్రలో ఉంటుంది మరి.

తెర మీద బొమ్మ రాకపోతే గది గదంతా లేచి నిలబడుతుంది. ఒకాయన విండోస్ మీట, పీ కలిపి నొక్కమంటాడు. ఇంకొకాయన కేబుల్ పీకి, ఊది, మళ్ళీ గుచ్చుతాడు. మూడో ఆయన రీస్టార్ట్ అంటాడు. నిజానికి హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చగానే జరిగేది పెళ్లిచూపులు: నేను ఇంత వెడల్పు, ఇంత ఎత్తు బొమ్మ చూపగలను అని టీవీ చెప్పుకోవాలి, ల్యాప్‌టాప్ ఒప్పుకోవాలి. అంతలోనే చుట్టాలు కేబుల్ పీకేస్తే సంబంధం మళ్ళీ మొదటికొస్తుంది. చేయాల్సింది చిన్న పనే. టీవీ ఏ ఇన్‌పుట్ మీద ఉందో చూడటం, కేబుల్ రెండు కొసలూ గట్టిగా ఉన్నాయో లేదో చూడటం, మధ్యలో ఉన్న అడాప్టర్ మార్చి చూడటం. ల్యాప్‌టాప్ జోలికి ఆ తర్వాతే. 1987లో వచ్చిన వీజీఏ ప్లగ్గుకు అటూ ఇటూ మరలుండేవి. వాటిని బిగించే ఓపిక ఉన్నవాడికి సగం బాధలు తప్పేవి. ఇప్పటి యూఎస్‌బీ-సీ రంధ్రాలన్నీ చూడ్డానికి ఒకటే. కొన్ని బొమ్మ పంపుతాయి, కొన్నిటికి ఆ విద్యే లేదు. పక్కన ముద్రించిన బుల్లి గుర్తు చూసి తెలుసుకోవాలి, అదీ ముద్రించి ఉంటే.

ఏమైనా బొమ్మ ఎలాగో వస్తుంది. రాకపోతే నల్లటి తెర పెద్ద సారుకు కూడా కనిపిస్తుంది కాబట్టి వస్తుంది. శబ్దం సంగతి అది కాదు. మన మైకు పాడైతే ఆ బాధ మన గదిలో ఎవరికీ తెలియదు. విశాఖపట్నంలో ఇంటి నుంచి పనిచేసే అమ్మాయికి తెలుస్తుంది. బాగుచేయాల్సినవాళ్ళు ఇక్కడ, బాధ అక్కడ. మీటింగ్ గదుల్లో ఏళ్ళ తరబడి నయం కాని జబ్బులన్నీ శబ్దానివే కావడానికి నాకు తోచే కారణం ఇదొక్కటే.

ప్రతిధ్వనినే తీసుకోండి. తన గొంతు తనకే తిరిగి వినపడుతోందని అవతలివాళ్ళు మొరపెట్టుకుంటే, "మీ హెడ్‌సెట్ ఒకసారి చూసుకోండి" అని మనం తీరిగ్గా సలహా ఇస్తాం. చాలాసార్లు తప్పు మనదే. వాళ్ళ గొంతు మన స్పీకర్లోంచి వచ్చి, మన మైకులో దూరి, వాళ్ళ దగ్గరికే తిరిగి వెళుతోంది. గదిలో ఎవరో రెండో ల్యాప్‌టాప్‌లోనూ అదే కాల్ తెరిచి, మైకు ఆపకుండా కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరినే మ్యూట్ చేస్తూ పోతే ఎవరి దగ్గర ప్రతిధ్వని ఆగిందో వారే దొంగ.

దీనికి తోడు గాజు గోడల మోత. ఇది పాత జబ్బే. 1895లో హార్వర్డ్‌లోని ఫాగ్ ఆర్ట్ మ్యూజియంలో ఒక ఉపన్యాస మందిరం కట్టారు. అందులో ఎవరేం చెప్పినా ఎవరికీ అర్థమయ్యేది కాదు. అదేంటో చూడమని వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్స్ అధ్యాపకుడికి అప్పగించారు. ఊరు సద్దుమణిగాక ఆయన ఆర్గన్ గొట్టం మోగించి, ఆపి, చప్పుడు చెవికి అందకుండా పోయేదాకా గడియారంతో కొలిచాడు. ఖాళీ గదిలో సుమారు ఐదున్నర సెకన్లు! హార్వర్డ్‌లోనే ఉన్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల దిండ్లు మోయించి తెచ్చి, గదిలో పరిచి కొలిచి, తెల్లారేలోగా తిరిగి చేర్చేవాడు. మెత్తటి సరుకు ఎంత ఉంటే మోత అంత తగ్గుతుందన్న లెక్క అలా తేలింది. శతాబ్దం దాటాక మనం గాజు గోడలు, గ్రానైటు బల్ల, నున్నటి నేల ఏరి కోరి పెట్టుకున్నాం. దిండు మాత్రం లేదు. గదిలో ఉన్నవాడికి ఆ మోత అంతగా తెలియదు. రెండు చెవులూ బుర్రా కలిసి వడకట్టేస్తాయి. బల్ల మధ్యలో ఒంటరి మైకుకు ఆ తెలివి లేదు. పైగా దాని నుంచి దూరం రెట్టింపయితే గొంతు ఆరు డెసిబెళ్ళు తగ్గుతుంది. ఏసీ మోత మాత్రం తగ్గదు. ఇక బల్ల చివర కూర్చునే పెద్దమనిషి మాట అవతలికి గొణుగుడై చేరుతుంది.

మీటింగ్ మొదలుపెడుతూ "అందరికీ వినిపిస్తోందా?" అని అడగడం మన ఆచారం. వినపడనివాళ్ళు జవాబెలా చెప్తారు? సగం వినిపించినవాళ్ళు "ఆ, వినిపిస్తోందండి" అనేస్తారు. వైస్ ప్రెసిడెంట్‌ను పట్టుకుని మీరేమన్నారో తెలియలేదని ఎవరంటారు? చాట్‌లో రాస్తారు. చాట్ కిటికీ స్లయిడ్ల వెనకెక్కడో ఉంటుంది.

మైకులు, టీవీలు చూసుకునే మా ఏవీ కుర్రాడి పద్ధతి వేరు. ఫిర్యాదు రాగానే గదిలోకి రాడు. కిందికి దిగి, లిఫ్టు దగ్గర నిలబడి, తన ఫోన్‌లో అదే కాల్‌లో చేరి వింటాడు. ఆ తర్వాతే పైకొచ్చి ఏసీ తగ్గిస్తాడు, మైకు జరుపుతాడు. పోయినేడు ఎవరెవరినో బతిమాలి గోదావరి గదిలో ఒక గోడకు శబ్దం పీల్చే మెత్తటి పలకలు పెట్టించాడు. తేడా నిజంగానే తెలిసింది. విశాఖ అమ్మాయి మొదటిసారి మధ్యలో అడ్డుకుని ప్రశ్న వేసింది. తర్వాత బ్రాండింగ్ వాళ్ళు వచ్చి ఆ పలకల మీదే, గోడ పొడవునా, కంపెనీ లోగో ఉన్న యాక్రిలిక్ షీటు బిగించి వెళ్ళారు. అతను దాన్ని వేలితో టకటకమని కొట్టి, "ఇగ మళ్ళ మోగుతది సార్" అన్నాడు. టికెట్ వేశాడు. ఇంకా పెండింగే.