హిరోషిమాలో ఒక ప్రశ్న

ఉపాధ్యాయుడు ప్రశ్న అడగడం, విద్యార్థి జవాబు చెప్పడం లోకరీతి. ఒక్కొక్కప్పుడు ఈ వరుస తారుమారవుతుంది. పన్నెండేళ్ళ బాలిక అడిగిన ఒక చిన్న ప్రశ్నకు, ఇంగ్లీషు పాఠాలు చెప్పడమే వృత్తిగా గల నేను, నోట మాట రాక నిలబడిపోయిన సందర్భం నా జీవితంలో ఉంది. అది జరిగింది మన దేశంలో కాదు. జపానులోని హిరోషిమా నగరంలో.

2010లో నేను జపాను దేశంలో, ఒకాయామా ప్రాంతంలోని ఒక చిన్న పట్టణంలో, మాధ్యమిక పాఠశాలలో సహాయ ఆంగ్లోపాధ్యాయుడిగా పనిచేస్తుండేవాడిని. నా విద్యార్థులు పన్నెండు మొదలు పదిహేనేళ్ళ వయసువారు. ఇంగ్లీషు వ్యాకరణం చక్కగా నేర్చినవారే గాని నోరు విప్పి మాట్లాడడానికి సిగ్గుపడేవారు. వారిచేత నాలుగు మాటలు పలికించడమే నా ఉద్యోగం. మధ్యాహ్నం వారితో కలిసి తరగతి గదిలోనే భోజనం చేసేవాడిని. పిల్లలే తెల్లని టోపీలు పెట్టుకొని తోటివారికి వడ్డించేవారు. పాఠం చెప్పేటప్పటికంటె ఆ భోజన సమయంలోనే వారు నాకు ఎక్కువ దగ్గరయ్యారు.

చుట్టుపక్కల ఊళ్ళలో నావంటి ఉపాధ్యాయులు మరి ముగ్గురు ఉండేవారు. ఒకరు ఐర్లాండు యువకుడు, ఒకరు జమైకా యువతి, మూడవవారు ఫిలిప్పీన్సు నుండి వచ్చిన ఆవిడ. ఆమె మా అందరికంటె పెద్దది కాబట్టి నేను 'అక్కా' అని పిలిచేవాడిని. దాని అర్థం తెలుసుకొని, తన భాషలో అక్కను 'ఆతే' అంటారని చెప్పి ఆమె మురిసిపోయింది. నలుగురివీ నాలుగు దేశాలు. సొంత ఊరికి దూరమైనవారి స్నేహం త్వరగా చిక్కబడుతుంది. సెలవు దొరికితే చాలు, కలిసి ఏదో ఒక ఊరు చూసి రావడం మాకు అలవాటయింది.

నవంబరు నెలలో ఒక శనివారం ఉదయం హిరోషిమాకు బయలుదేరాము. బుల్లెట్ రైలు ఎక్కితే ముప్పావు గంట ప్రయాణం. నెలాఖరు జేబులను తడిమి చూసుకొని మామూలు రైలే ఎక్కాము. సుమారు మూడు గంటలు పట్టింది. కిటికీలో కొంతసేపు కొండలు, కొంతసేపు నీలిసముద్రం, ఆకులు రాలిన చెట్లకు దీపాల్లా వేలాడుతున్న ఎర్రని పండ్లు కనబడుతూ పోయాయి. శనివారం నగరం చూడాలి, ఆదివారం మియాజిమా ద్వీపానికి వెళ్ళి సముద్రంలో నిలిచిన ఆలయ ద్వారం చూడాలి. ఇదీ మా సంకల్పం. దారి పొడవునా నవ్వులే.

చిన్ననాటి నుండి పాఠ్యపుస్తకాలలో హిరోషిమా పేరు చదివిన నాకు, అక్కడ బూడిద రంగు తప్ప మరేమీ ఉండదన్న భావన మనసులో ఏ మూలనో ఉండేది. రైలు దిగి చూస్తే వెడల్పాటి వీథులు, పచ్చని చెట్లు, గంటలు కొట్టుకొంటూ పోయే ట్రాములు. ఓటా నది పాయలుగా చీలి సముద్రంలో కలిసే డెల్టా భూమి అది. అడుగడుగునా వంతెనలే. గోదావరి పాయల నడుమ కోనసీమలో పుట్టి పెరిగిన నాకు ఆ నగరం ఒక్కసారిగా మా ఊరి చుట్టంలా తోచింది. 1945 ఆగస్టు 6న ధ్వంసమైన ఆ నగరంలో మూడు రోజులకే, ఆగస్టు 9న, ట్రాము మార్గంలో కొంత భాగాన్ని మళ్ళీ నడిపారు. ఆనాటి దాడికి గురై బాగుచేయబడిన ట్రాములు కొన్ని చాలాకాలం తరువాత కూడా ఆ వీథులలో తిరిగాయి.

మధ్యాహ్నం ఒక ఇరుకు దుకాణంలో 'ఒకోనోమియాకి' తిన్నాము. వేడి పెనం మీద పలుచని దోసె పోసి, దానిపై సన్నగా తరిగిన క్యాబేజీని గుట్టగా వేసి, నూడుల్స్, గుడ్డు చేర్చి కాల్చే వంటకం అది. యుద్ధం తరువాతి కరువు రోజులలో గోధుమపిండితో కడుపు నింపుకొన్న జనం దీనిని పెంచి పోషించారు. నాకోసం మాంసం వేయకుండా కాల్చి ఇచ్చిన ముసలమ్మ, నేను తినడం పూర్తిచేసేదాకా చూస్తూ నిలబడింది. మా అమ్మమ్మ కూడా అలాగే నిలబడేది.

అక్కడి నుండి నడిచి నది ఒడ్డుకు చేరాము. నవ్వులు అక్కడ ఆగిపోయాయి. ఎదురుగా, పైకప్పు ఎగిరిపోయి ఇనుప కమ్మీల అస్థిపంజరం మిగిలిన గుమ్మటం. చెక్ వాస్తుశిల్పి యాన్ లెట్సెల్ రూపొందించగా 1915లో పూర్తయిన ప్రదర్శనశాల అది. దానికి దాదాపు నడినెత్తిన, సుమారు 600 మీటర్ల ఎత్తున, ఉదయం 8 గంటల 15 నిమిషాలకు అణుబాంబు పేలింది. ఆ సంవత్సరం చివరికి సుమారు 1,40,000 మంది మరణించారని అంచనా. ఆ శిథిలాన్ని అలాగే నిలిపి ఉంచారు. 1996లో అది ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది.

యాభై యెన్‌ల టిక్కెట్టు కొని స్మారక ప్రదర్శనశాలలోకి వెళ్ళాము. అక్కడ చూసినవన్నీ చెప్పబోను. ఒక్క వస్తువు మాత్రం చెబుతాను. అది ఒక భోజనపు డబ్బా. మాధ్యమిక పాఠశాలలో మొదటి సంవత్సరం చదివే బాలుడిది. ఆనాడు అగ్నిప్రమాదాలు వ్యాపించకుండా ఇళ్ళు కూల్చి ఖాళీ స్థలాలు ఏర్పరచే పనికి వేలాది బడిపిల్లలను పంపారు. ఆ పనికి వెళ్ళిన ఆ బాలుడు తిరిగి రాలేదు. తల్లి వెదకివెదకి, ఆ డబ్బాను బట్టి కొడుకు దేహాన్ని గుర్తుపట్టింది. డబ్బాలోని అన్నం బొగ్గయి, తినబడకుండా అలాగే ఉంది. నా తరగతిలో తెల్లటోపీలు పెట్టుకొని వడ్డించే పిల్లల వయసే అతనిది. అంతకుమించి ఆ అద్దాల పెట్టె ముందు నిలువలేకపోయాను.

బయట ఉద్యానవనంలో విల్లులా వంగిన స్మారకచిహ్నం ఉంది. వాస్తుశిల్పి కెంజో తాంగే రూపకల్పన అది. దాని నడుమ నుండి చూస్తే 1964లో వెలిగించిన శాంతిజ్వాల, దాని వెనుక ఆ గుమ్మటం ఒకే వరుసలో కనబడతాయి. లోకంలో అణ్వాయుధాలు ఉన్నంతకాలం ఆ జ్వాల ఆరకూడదని వారి నియమం. స్మారకం కింద రాతిపై ఒక వాక్యం చెక్కి ఉంది. మృతులను శాంతితో నిద్రించమని వేడుకొని, జరిగిన తప్పు తిరిగి జరగదని మాట ఇచ్చే వాక్యం. విచిత్రమేమిటంటే, జపాను భాషలోని ఆ వాక్యంలో కర్త లేదు. తప్పు ఎవరిది? మాట ఇస్తున్నది ఎవరు? 1952లో హిరోషిమాకు వచ్చిన మన దేశపు న్యాయమూర్తి రాధావినోద్ పాల్ ఇదే ప్రశ్న లేవనెత్తాడు. బాంబు వేసిన చేయి జపానీయులది కానప్పుడు ఈ పశ్చాత్తాపం ఎందుకని ఆయన ఆక్షేపణ. వాక్యాన్ని కూర్చినవాడు తదయోషి సైకా. హిరోషిమా విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్య ఆచార్యుడు, స్వయంగా ఆ దాడికి గురైనవాడు. లోపించిన కర్త సమస్త మానవజాతి అని ఆయన సమాధానం. తాను చేసిన ఇంగ్లీషు అనువాదంలో ఆయన 'వియ్' అన్న పదం ఉంచాడు.

ఈ సంగతి మాట్లాడుకొంటుండగా అక్క మెల్లగా, "1945లోనే మా మనీలాలో జపాను సైనికుల చేతిలో, ఫిరంగి గుండ్లకు లక్షమంది దాకా పౌరులు చనిపోయారు. మా ముత్తవ్వ ఆ రోజుల గురించి చెప్పి ఏడ్చేది. ఇక్కడికి రావాలా వద్దా అని ఎన్నాళ్ళో ఆలోచించాను" అన్నది. కొంతసేపటికి, "ఆ డబ్బా చూశాక ఆమెతోపాటు ఆ తల్లికి కూడా మొక్కాలనిపించింది" అని చేతులు జోడించింది. మేము మౌనంగా ఉండిపోయాము.

అప్పుడే విహారయాత్రకు వచ్చిన బడిపిల్లల గుంపు మమ్మల్ని చుట్టుముట్టింది. విదేశీయులతో ఇంగ్లీషులో మాట్లాడి జవాబులు రాసుకోవడం వారికి ఇచ్చిన పని. ఒక బాలిక నా దగ్గరికి వచ్చి వంగి నమస్కరించి, చేతిలోని కాగితం చూసి వల్లెవేసిన ప్రశ్నలు వరుసగా అడిగింది. మీది ఏ దేశం? మీకు జపాను ఆహారం ఇష్టమా? నేను హాయిగా జవాబులు చెబుతున్నాను. చివరి ప్రశ్న కాగితంలో లేదు. ఆమె తనంతట తానే పదాలు కూడబలుక్కొని అడిగింది: "మీ దేశంలో అణుబాంబు ఉన్నదా?"

ఒక్క క్షణంలో పన్నెండేళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను. 1998 మే నెల. పోఖ్రాన్‌లో మన దేశం అణుపరీక్షలు జరిపిన రోజులు. అప్పుడు నేను ఇంటర్మీడియెట్ విద్యార్థిని. మిత్రులతో కలిసి వీథిలో టపాకాయలు కాల్చి, మిఠాయి పంచి, గొంతు బొంగురుపోయేలా జయజయధ్వానాలు చేశాను. ఆ ఉత్సాహంలో కపటం లేదు. కాని ఆ బాంబు ఎవరి అన్నపు డబ్బా మీద పడుతుందన్న ఆలోచన కూడా లేదు. బాలికకు చెప్పడానికి నా దగ్గర వాదాలు లేకపోలేదు. పొరుగుదేశాల సంగతి చెప్పవచ్చు. ముందుగా మేము ప్రయోగించబోమన్న మా దేశపు విధానం చెప్పవచ్చు. అవన్నీ నిజాలే. కాని ఆమె కాగితంలో జవాబుకు మిగిలింది ఒక్క గీత మాత్రమే. "ఉన్నది" అన్నాను. ఆమె ముఖంలో కోపం లేదు, నింద లేదు. శ్రద్ధగా రాసుకొన్నది. తరువాత కాగితం నాకు అందించి, శాంతిని గురించి ఒక వాక్యం నా సొంత భాషలో రాయమన్నది.

కలం పట్టుకొన్నాక గాని నా భాష ఎంత నిక్కచ్చిదో నాకు తెలియలేదు. జపాను వాక్యానికి కర్త లేకపోయినా చెల్లింది. ఇంగ్లీషు 'వియ్' వినేవారిని కలుపుకొంటుందో లేదో తేల్చి చెప్పదు. తెలుగు అలా తప్పించుకోనివ్వదు. 'మేము' అంటే ఎదుటివారు వెలుపల ఉండిపోతారు. 'మనం' అంటే వారు కూడా లోపలికి వస్తారు. ఈ రెండింటిలో ఒకటి ఎన్నుకోక తప్పదు. నేను రాశాను: "ఈ తప్పు మనం మళ్ళీ చేయం."

ఆమెతో వచ్చిన ఉపాధ్యాయిని అర్థం అడిగింది. ఆ చిన్న మాటలో బాలిక, నేను, అక్క, అక్కడ నిద్రించేవారు అందరూ ఉన్నారని వచ్చీరాని జపాను భాషలో వివరించాను. ఆమె పిల్లలకు చెప్పింది. వారంతా "మనం, మనం" అని పలికి చూశారు. ఏడు సముద్రాల అవతల నా మాతృభాష పదం అంత అందంగా వినబడడం అదే మొదటిసారి.

సోమవారం బడికి వెళ్ళి, భోజన సమయంలో పిల్లల నడుమ కూర్చున్నప్పుడు, వడ్డించిన అన్నంలో ఒక్క మెతుకు కూడా విడిచిపెట్టలేకపోయాను.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. మోతొయాసు నది ఒడ్డున, ఆ గుమ్మటానికి సమీపంలో, 2023లో గాంధీజీ విగ్రహం వెలసింది. అణుదాడి బాధితుల సంఘమైన నిహొన్ హిదాన్క్యోకు 2024లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. శాంతిజ్వాల మాత్రం ఇంకా ఆరలేదు. ఆ బాలిక ఇప్పుడు పెద్దదై ఉంటుంది. ఆమె అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఈనాటికీ మారలేదు. ఆ కాగితంపై రాసి ఇచ్చిన మాటకు నేను ఈనాటికీ బాకీపడే ఉన్నాను.