గుర్రపు డెక్క

జనవరి ఒకటో తేదీ పొద్దున్నే మా వీధి చివరి బోదె దాకా నడిచాను. నీళ్ళు కనబడలేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుర్రపు డెక్కే. నిరుడూ ఇంతే. అప్పుడే అర్జీ పెట్టాం. రసీదు బీరువాలో ఉంది. ఏడాదంతా ఆ కాగితాన్ని నమ్ముకుని కూర్చున్నామన్న కోపంతో శుభాకాంక్షలకు జవాబు కూడా ఇవ్వబుద్ధి కాలేదు.

దాని పువ్వు అందంగానే ఉంటుంది. లేత ఊదారంగు, పై రేకు మీద పసుపు చుక్క. మొక్కను పట్టి లాగితే మాత్రం మూరెడు నల్లటి వేళ్ళ కుచ్చు, అందులో బురద, ప్లాస్టిక్ కవర్లు. అదను కుదిరితే పదిహేను రోజుల్లో రెట్టింపవుతుంది. ఫైలు కదిలే ఆర్నెల్లలో ఎన్ని రెట్లవుతుందో మీరే లెక్కేసుకోండి! తమ్మిలేరైనా బుడమేరైనా కొల్లేట్లోకే దిగాలి. కొల్లేటి నీళ్ళు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరే దారి. మధ్యలో ఎక్కడ డెక్క అడ్డుపడినా వెనక చేలు మునుగుతాయి. అటు తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ పొంగినప్పుడూ రైతుకు ఇదే గోడు.

పక్కింటి బాబాయిగారిని అడిగాను, "కొక్కెం కర్ర ఉందాండీ?" అని. "రెండున్నాయి, పద" అన్నారు. పదింటికల్లా ఆరుగురం పోగయ్యాం.

డెక్క గట్టుకి లాగుతుంటే తాతయ్య గుర్తొచ్చాడు. ఆయనది కొల్లేటి ఒడ్డు ఊరు. వేసవిలో కాలవలు కట్టేశాక, మళ్ళీ వదిలేలోగా, ఇంటికో మనిషి చొప్పున బోదె తవ్వేవారు. రాలేనివాళ్ళు కూలి డబ్బులు ఇచ్చుకోవాలి. ఈ కుడిమరమ్మతు ఆనవాయితీకి మద్రాసు ప్రభుత్వం 1858లో చట్టం కూడా చేసింది. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చి కాలవల బాగోగులు మళ్ళీ రైతుల చేతికే ఇచ్చింది. తాతయ్యకు చట్టాలు తెలియవు, తన వంతు ఎన్ని బారలో తెలుసు. వంతు ముగించి పక్కవాడి వంతులోకి దిగేవాడు.

బురదలో కొరమీను దొరికితే ఆ రోజు మనిషిని పంపలేని ముసలమ్మ ఇంటికి ఇచ్చేవారు. ఆవిడ దాన్ని కట్టెల పొయ్యి మీద పులుసు కాచి, దాకతో సహా గట్టు మీదికి పంపేది. అందులో పచ్చిమామిడి ముక్కలు వేసేది. ఒక్కో ముక్కా అన్నంలో చిదుపుకుని తినేవాళ్ళం.